విషయం తెలిసినవాడు

పరీక్ష జరిగే మూడు గంటలూ ఇంట్లో మనిషి గొంతు వినిపించకూడదన్నారు యూనివర్సిటీవాళ్లు. సోమలింగం వినిపించనివ్వలేదు. ఈ ముక్క మొదటే చెప్పుకోవడం మంచిది. తర్వాత దీన్ని ఒప్పుకున్న నాథుడు లేడు.

జూన్ నెల, గురువారం. బతుకుదెరువుకు వలస వచ్చి చేరిన నవాగామ్‌లో ఆ వరుస ఇళ్లన్నిటికీ ఒకటే గది, ఒక వంట మూల. రాత్రి పాళీ దిగి పొద్దున ఏడున్నరకు ఇల్లు చేరిన సోమలింగం స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, పడుకోకుండా గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కాపలా అన్నమాట. కొత్తిమీర అమ్మేవాడు బండి తోసుకొచ్చి నోరు తెరవబోతే లేచి దండం పెట్టి పంపేశాడు. పక్కింట్లో కుక్కర్ కూత పెడితే వెళ్లి తలుపు తట్టాడు.

"వదినె, జర పన్నెండు దాటినంక పెట్టుకో. బిడ్డ పరీక్ష రాస్తున్నది."

"అది ఎప్పుడు రాయదు చెప్పు," అంటూనే ఆమె పొయ్యి ఆర్పింది. భార్య సమ్మక్క చీరలకు రాళ్లు అతికే పని ఆ పూటకు బంద్ పెట్టి, చీరల మూటతో సహా పక్కింట్లోకి వెళ్లిపోయింది.

లోపల సంతోషి నేలమీద చిన్న బల్ల ముందు కూర్చుని రాస్తోంది. ఎం.ఏ. చివరి సెమిస్టరు, చివరి పేపరు, అంతర్జాతీయ సంస్థలు. ఎదురుగా ఖాళీ నూలు కోనుకు ఆనించిన ఫోను. అందులోంచి యూనివర్సిటీ ఆమెను కన్నార్పకుండా చూస్తోంది. కాగితాల మీద రాయాలి, అయ్యాక ఫొటోలు తీసి పంపాలి.

పదకొండింటికి సోమలింగానికి గుర్తొచ్చింది, పిల్ల పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని. తలుపు ఓరగా తీసి చూశాడు. ఆమె వీపు ఇటుంది. ఫోను తెరమీద ఓ మూల చిన్న డబ్బాలో ఆమె మొహం, వెనక తలుపు, ఆ తలుపులో తన మొహం కనిపించాయి. ఆ డబ్బాలోంచే సంతోషి కళ్లు అతన్ని చూశాయి. సోమలింగం వేళ్లు ముడిచి నోటి దగ్గరికి తీసుకెళ్లి, అరచెయ్యి తిప్పాడు. ఏమన్న తింటవా? సంతోషి తల తిప్పలేదు, పెదవి కదపలేదు. ఎడమచెయ్యి చెవిదాకా ఎత్తి రెండు వేళ్లు వెనక్కి విదిలించింది. తర్వాత. సోమలింగం బొటనవేలు ఛాతీకి ఆనించి సరే అన్నాడు. తలుపు చప్పుడు కాకుండా మూసి స్టూలు మీద కూర్చున్నాడు.

ఇంతే జరిగింది. ఒట్టు, ఇంతకు మించి ఆవగింజంత కూడా జరగలేదు.

ఇరవై ఆరేళ్లుగా సాంచాల మధ్య బతుకుతున్నవాడు. కరెంటు మగ్గాలను వీళ్లు సాంచాలంటారు. అతని షెడ్డులో నలభై ఎనిమిది సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. కాబట్టి అక్కడ మాట్లాడేవి చేతులే. దారం తెగిందంటే ఒక సైగ, సేఠ్ వస్తున్నాడంటే ఒక సైగ, నీ పెండ్లాం ఫోన్ చేసిందంటే ఒక సైగ. ఆ చేతులు ఇంటికొచ్చాక ఊరుకుంటాయా? సంతోషి నడక నేర్చింది ఆ షెడ్డు గుమ్మంలో. సైగ చేసినప్పుడు తండ్రీకూతుళ్లిద్దరికీ మాట్లాడామన్న ధ్యాసే ఉండదు. గొంతు ఎత్తొద్దన్నారు, ఎత్తలేదు.

పన్నెండు దాటాక సంతోషి బయటికొచ్చింది. 

"బాపూ, నిన్ను కెమెరా పట్టింది. నా చెయ్యి గూడ పట్టింది. స్క్రీన్ మీద ఎర్ర పట్టీ వచ్చింది. నీతో పాటు ఇంకో మనిషి ఉన్నడు, మాట్లాడుతున్నరు అని."

"మాట్లాడలే గదా!"

"మాట్లాడలే. సైగ చేసినం."

సమ్మక్క పక్కింటి గడపలోంచే అందుకుంది. "నీ చేతులు పడిపోను! రెండు గంటలు తినకుంటె పిల్ల సస్తదా? తిండి మీదనే ఉంటది నీ పానమంత!"

సోమలింగం తన చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత వాటిని చంకల్లో పెట్టుకున్నాడు.

* * *

శుక్రవారం సాయంత్రం మెయిల్ వచ్చింది. సంతోషి ఇంగ్లీషులో ఒకసారి తనలో తాను చదువుకుని, తర్వాత తెలుగు చేసి చెప్పింది. ఇంట్లోని ఒక వ్యక్తి సైగల ద్వారా జవాబులు అందించినట్లు అనుమానం. పేపరు నిలిపివేయడమైనది. సోమవారం నాలుగింటికి ఆన్‌లైన్‌లో విచారణ. వీడియోలో కనిపించిన వ్యక్తి కూడా హాజరు కావాలి.

"జవాబులా? నేనా?" సోమలింగం నవ్వాడు. కూతురు నవ్వలేదు. అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

"పేపర్ కొట్టేస్తె ఏమైతది?"

"మళ్ల డిసెంబర్ల రాయాలె."

"రాస్తె అయితది గదా."

"బాపూ, ఢిల్లీల సీటు ఆగస్టు పదో తారీకుదాంకనే ఆగుతది. అప్పటికి మార్కుల మెమో చూపియ్యకుంటె పీహెచ్‌డీ పోయినట్టే."

ఆ సీటు ఎలా వచ్చిందో సోమలింగానికి తెలుసు. ఎంట్రన్సుకు నలభై రోజులు ఆ పిల్ల షెడ్డు గుమ్మంలో సాంచాల చప్పుడులోనే చెవుల్లో దూది పెట్టుకుని చదివింది.  సోమలింగం లేచి బయటికెళ్లి నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, మళ్లీ లోపలికొచ్చి, మళ్లీ వెళ్లి కడుక్కున్నాడు.

శనివారం నుంచి పగటి పాళీకి మారాడు. షెడ్డులో అందరి మొహాలకూ మాస్కులు. ఇదివరకు సగం మాట పెదవుల్లో, సగం చేతుల్లో ఉండేది. కరోనా వచ్చి పెదవులు కప్పేసింది. దాంతో చేతులకు రెట్టింపు పని పడింది. నాలుగు సాంచాల అవతల ఉన్న రాజనర్సు పొద్దున రాగానే చేత్తో అడిగాడు, బిడ్డ పరీక్ష ఎట్లయిందని. సోమలింగం చూడనట్టు వంగి పడుగు సర్దుకున్నాడు. తెగిన పోగు వెతికి పట్టుకున్నాడు, ముడి వేశాడు, అచ్చులోంచి లాగాడు. సాంచా మళ్లీ కొట్టుకోవడం మొదలెట్టింది. ఇక చెయ్యి ఎత్తేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు పిచ్చి మారాజు, ఎత్తితే ఎక్కడ ఏ కెమెరా ఉందోనని.

పదింటికి రాజనర్సు చివరి సాంచాలో పేక దారం అయిపోయింది. అతను అటు తిరిగి ఉన్నాడు. సోమలింగం చూశాడు. ఎప్పుడైనా అయితే చప్పట్లు కొట్టినట్టు చేతులూపి పిలిచేవాడు. చెయ్యి లేచింది, నడుము దగ్గరే ఆగింది. అడ్డపోగు పడక ఉత్త పడుగు జానెడు నడిచిపోయాక రాజనర్సు తిరిగి చూసుకుని, సాంచా ఆపి, వచ్చి సోమలింగం భుజం పట్టి బయటికి లాక్కెళ్లాడు.

"ఏందే, చూసుకుంట గూడ చెప్పవా? నీ చేతులకేం రోగమొచ్చింది?"

సోమలింగం చెప్పాడు. ఏమని చెప్పాలో తెలియక మొత్తం చెప్పాడు. రాజనర్సు మాస్కు కిందికి లాగాడు.

"తింటవా అంటె నేరమా? ఇంట్లున్న మనిషిని తింటవా అనొద్దా?"

"నోటితోని అన్నా తప్పేనట."

"వాళ్లిండ్లల్ల అడుగరా మరి?"

ఆ ప్రశ్న సోమలింగం బుర్రలో సాయంత్రందాకా తిరిగింది.

ఇంటికొచ్చేసరికి సంతోషి ఫోనులో ఉషాదేవి మేడమ్. సంతోషి స్పీకర్ పెట్టింది. కొవిడ్ మొదలైన దగ్గర్నుంచి ఆ గొంతు ఆ ఇంట్లో మోగుతూనే ఉంది. చెవుల్లో పెట్టుకునే తీగ పాడైపోతే మళ్లీ కొనలేదు, అందుకని మేడమ్ పాఠం ఇంటిల్లిపాదికీ పాఠమే. లాక్‌డౌన్‌లో షెడ్డు మూతపడ్డప్పుడు చేసే పని లేక సోమలింగం ఫోను వెనక, కెమెరాకు అందకుండా, గోడకానుకుని కూర్చునేవాడు. మేడమ్ ఇంగ్లీషులో ఎత్తుకుని, పిల్లలు గుడ్లప్పగిస్తే హిందీలోకి దిగేది. ఆ హిందీ అతనికి చాలు. మిగిలింది అన్నం తినేటప్పుడు కూతుర్ని అడిగేవాడు. మేడమ్‌ది రాజమండ్రి దగ్గర ఏదో ఊరు. తన క్లాసులో ఇలాంటి విద్యార్థి ఒకడున్నాడని ఆవిడకు తెలీదు.

"కంగారు పడకు సంతోషీ. కమిటీలో నేనూ ఉన్నానుగా. మీ నాన్నగారు ఎంతవరకు చదువుకున్నారు?"

"మూడో తరగతి మేడమ్."

"అమ్మయ్య! అదేనమ్మా మన బలం. ఆయనకి ఐక్యరాజ్యసమితి అంటే ఏవిటో కూడా తెలీదని చెప్పెయ్. ఛైర్మన్ గారు ఒకటి రెండు అడుగుతారు. తెలీదండీ, చదువు లేనివాణ్ణండీ, అని దణ్ణం పెట్టమను. జవాబు తెలియనివాడు ఎలా చెప్తాడు? అక్కడితో కేసు క్లోజు. నేను చూసుకుంటాను."

మంచి మనిషే. మంచికే చెప్పింది. ఆ మంచి మాట ఎక్కడ దిగిందో ఆవిడకు తెలిసే వీలు లేదు.

ఫోను పెట్టేశాక సంతోషి, "నేను చెప్ప," అంది.

"నువ్వెందుకు చెప్పుడు? నేనే చెప్త. తెల్వదనుడు గూడ ఒక పనా?"

"నీకు తెలుసు గద బాపూ."

"తెలిసి ఏం జేసిన? నీ పేపర్ ముంచిన. తెల్వదని చెప్పి దాన్ని తేలుస్త. నువ్వు నోరు మూసుకోని కూసో, చాలు."

ఆదివారం రాళ్లు అతుకుతూనే సమ్మక్క రిహార్సల్ పెట్టించింది. సంతోషి గోడవైపు తిరిగి పడుకుంది.

"భద్రతా మండలి అంటె ఏంది?"

"పదిహేను మందిల ఐదుగురు..." సోమలింగం నాలుక కరుచుకున్నాడు.

"ఓరి నీ! తెల్వదనాలె."

"తెల్వదు సార్."

"గట్ల మీసాల్ల నవ్వకు. దొంగమొహం ఐతది. మళ్ల అను."

"తెల్వదు సార్. సదువు లేనోన్ని సార్."

"ఆ, గట్ల. జర వంగి అను."

వంగి అన్నాడు. పది పదిహేను సార్లు అన్నాక నోరు అలవాటు పడింది. గోడవైపు తిరిగిన కూతురి వీపు ఒక్కసారి కూడా కదల్లేదు, నిద్రపోయిందనుకున్నాడు.

* * *

సోమవారం మధ్యాహ్నం సెలవు పెట్టుకుని వచ్చాడు సోమలింగం. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తడి చేత్తో జుట్టు సర్దుకుని, కూతురి పక్కన కింద కూర్చున్నాడు. తెరమీద మూడు డబ్బాలు. ఛైర్మన్ దేశాయ్ గారు, పరీక్షల అధికారి, ఉషాదేవి మేడమ్. దేశాయ్ గారి వెనక పుస్తకాల బీరువా, దాని మీద ఏవో ఇత్తడి జ్ఞాపికలు. అధికారి టీ తాగుతున్నాడు. ఆ ఇంట్లోంచి ఎవరిదో గొంతు, కుక్కర్ కూత, కుక్క మొరుగు వినిపిస్తూనే ఉన్నాయి. అవి ఎవరికీ నేరంగా తోచలేదు.

విచారణ హిందీలో నడిచింది. ముందుగా వీడియో వేశారు. తలుపులో సోమలింగం, అతని చెయ్యి, సంతోషి చెయ్యి, మళ్లీ అతని బొటనవేలు. పదకొండు సెకన్లు. మూడుసార్లు వేశారు. మూడోసారి నెమ్మదిగా తిప్పి వేశారు. తన చెయ్యి అలా సాగిసాగి కదులుతుంటే నిజంగానే ఏదో దొంగపని చేసినట్టు అనిపించింది సోమలింగానికే.

"ఏం చెప్పావు ఈ సైగలో?"

"తింటావా అని అడిగాను సాబ్."

"తింటావా అని అడగడానికి నోరు లేదా?"

"నోరు ఎత్తొద్దన్నారు కదా సాబ్."

అధికారి నవ్వాడు. "చాలా నియమంగా ఉన్నాడండీ!"

దేశాయ్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. "నీ కూతురు ఏం చదువుతోందో తెలుసా?"

"పెద్ద చదువు సాబ్."

"ఐక్యరాజ్యసమితి అంటే తెలుసా?"

"తెలీదు సాబ్. చదువు లేనివాణ్ణి."

"భద్రతా మండలి?"

"తెలీదు సాబ్." వంగి అన్నాడు. సమ్మక్క నేర్పినట్టే వచ్చింది, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు.

"పాపం, వదిలేద్దాం సార్," అన్నాడు అధికారి టీ కప్పు దించుతూ. "మన దగ్గర హౌసింగ్ సొసైటీని మండలి అంటాం కదా, అదే అనుకుంటాడు. ఇతను జవాబులు చెప్పడమేమిటి? పశువును తెచ్చి సాక్ష్యం అడిగినట్టుంది."

దేశాయ్ గారు నవ్వారు. ఉషాదేవి మేడమ్ కూడా నవ్వింది. ఊపిరి పీల్చుకున్న నవ్వు ఆవిడది, నిజమే. కానీ నవ్వే. సోమలింగం కూడా వాళ్లతో పాటు నవ్వబోయాడు, పని అయిపోయింది కదా అని.

"సరే, అయితే ఆరోపణ రుజువు కాలేదని..." అంటూ దేశాయ్ గారు కలం అందుకున్నారు.

"ఒక్క నిమిషం సార్," అంది సంతోషి.

 సోమలింగం రెండు అరచేతులూ కిందికి తిప్పి గబగబా నొక్కాడు.

"అదిగో! మళ్లీ!" దేశాయ్ గారు కుర్చీలో ముందుకొచ్చారు. "ఇప్పుడేం చెప్పాడు?"

"ఆపమంటున్నాడు సార్. కేసు కొట్టేస్తున్నారు, నోరు మూసుకొమ్మంటున్నాడు." సంతోషి ఆగలేదు. "గురువారం తింటావా అన్నాడు, తర్వాత అంటే సరే అన్నాడు, ఇవాళ ఆపమన్నాడు. ఇవే అతను చేసిన సైగలు. కానీ తెలీదన్నది అబద్ధం. నా కోసం చెప్పిన అబద్ధం. మా నాన్నకు తెలుసు. మేడమ్, ఫిబ్రవరి క్లాసులో నేనొక ప్రశ్న అడిగాను, గుర్తుందా? డెబ్బై అయిదేళ్ల కిందట యుద్ధం గెలిచినవాళ్లే ఇంకా పెద్ద కుర్చీల్లో ఉంటే, ఓడినవాళ్ల మనవళ్లకు ఎప్పుడు వంతు వస్తుంది అని. బాగా అడిగావని మీరు అందరికీ చెప్పారు. ఆ ప్రశ్న నాది కాదు, ఇతనిది. మీరు పాఠం చెప్తుంటే ఫోను వెనక కూర్చుని విన్నాడు."

ఉషాదేవి మేడమ్ తెరమీద కదలకుండా ఉండిపోయింది. నెట్ ఆగిందేమో అనుకున్నాడు సోమలింగం. ఆవిడ కళ్లు మాత్రం ఆడుతున్నాయి.

"అంటే తెలుసన్నమాట," అన్నారు దేశాయ్ గారు నెమ్మదిగా. కలం కింద పెట్టేశారు. "చూద్దాం. ప్రశ్నపత్రంలో మూడోది. వీటో అంటే ఏమిటో చెప్పు."

సోమలింగం కూతురి వంక చూశాడు. పిల్ల కళ్లనిండా నీళ్లు. ఇక తెలీదంటే ఆ పిల్ల అబద్ధాలకోరవుతుంది. తెలుసంటే మునుగుతుంది. వెధవ బతుకు, ఎటు చూసినా ఉచ్చే. గొంతు సవరించుకుని, కార్ఖానాలో నేర్చిన హిందీలో చెప్పాడు.

"మా షెడ్డులో నలభై ఎనిమిది సాంచాలున్నాయి సాబ్. అన్నిటికీ ఒకటే మెయిన్ స్విచ్. అలాంటివి ఐదు స్విచ్‌లు, ఐదుగురి చేతుల్లో ఉన్నాయనుకోండి. నడవాలంటే ఐదుగురూ ఊరుకోవాలి. ఆగాలంటే ఒక్కడు దించితే చాలు. ఎందుకు దించావని అడిగే హక్కు మిగతావాళ్లకు లేదు. అడగొచ్చు, అరవొచ్చు. సాంచా మాత్రం నడవదు. అది వీటో."

 అధికారి ఇంట్లో కుక్కర్ మళ్లీ కూత పెట్టింది.

"బాగానే చెప్పాడు," అన్నారు దేశాయ్ గారు. మెచ్చుకుంటున్నట్టు లేదు.

"తెలిసినంత మాత్రాన అందించినట్టా సార్?" సంతోషి అడిగింది. "నాతో పాటు ఈ పరీక్ష రాసినవాళ్లలో ప్రొఫెసర్ల పిల్లలున్నారు. వాళ్లిళ్లలో అమ్మానాన్నలిద్దరికీ పీహెచ్‌డీలున్నాయి. వాళ్లనెవరినైనా పిలిచి మీకు సబ్జెక్టు వచ్చా అని అడిగారా?"

"అమ్మాయ్, హద్దులో ఉండు. నిర్ణయం మెయిల్లో పంపిస్తాం." మూడు డబ్బాలూ ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయాయి. మేడమ్‌ది ఆఖరున ఆరింది.

సోమలింగం లేచి ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "సల్లగ ఒడ్డున పడ్డదానివి మళ్ల నీళ్లల్ల దుంకినవ్ గద బిడ్డా," అన్నాడు. "ఏమొచ్చింది?"

"నిన్ను పశువన్నడు బాపూ."

"అననీ! నాకు లేని నొప్పి నీకేంది?"

"నాకున్నది," అంది సంతోషి.

బుధవారందాకా తండ్రీకూతుళ్లు మాట్లాడుకోలేదు. సైగలు కూడా లేవు.

* * *

బుధవారం పాళీ దిగి వచ్చేసరికి సంతోషి బల్ల ముందు కూర్చుని ఉంది. సమ్మక్క ముక్కు ఎర్రబడి ఉంది. అర్థమైంది.

"కొట్టేసిన్రా?"

"ఆ."

"సదువు. మొత్తం సదువు."

సంతోషి చదివింది. "వీడియోలో కనిపించిన వ్యక్తికి, అనగా పరీక్షార్థిని తండ్రికి, సదరు పేపరు విషయంలో తగిన పరిజ్ఞానం కలదని కమిటీ స్వయంగా పరీక్షించి నిర్ధారించుకున్నది. కావున సైగల ద్వారా సహాయం అందిన అవకాశాన్ని తోసిపుచ్చలేము. పేపరు రద్దు చేయడమైనది." కింద మూడు సంతకాలు. మూడోది ఉషాదేవిది.

"మేడమ్ గూడ పెట్టిందా సంతకం?"

"పెట్టింది."

సమ్మక్క తిట్లు లంకించుకుంది. వాళ్ల కమిటీని, వాళ్ల కుర్చీలని, వాళ్ల ఏడుతరాలని ఏకిపారేసింది. తెలియనివాడైతే వదిలేసేవారట, తెలిసినందుకు శిక్షట! ఇదెక్కడి న్యాయమమ్మా! తిట్టీ తిట్టీ ఆమె దగ్గులో పడ్డాక, సోమలింగం గోడకానుకుని కూర్చున్నాడు. రెండేళ్లు కూర్చున్న చోటే.

"నువ్వు రాసిన కాయితాల ఫొటోలున్నయా?"

"ఉన్నయి."

"సదువు. తెలుగు జేసుకుంట సదువు."

"ఇప్పుడెందుకు బాపూ?"

"సదువుమన్నగదా. నేను చెప్పిన్నట గద జవాబులు. ఏం చెప్పిన్నో నేను గూడ ఇనాలె."

సంతోషి చదవడం మొదలుపెట్టింది. మొదట కోపంగా, ఏదో ఒకటి అయిపోతే చాలన్నట్టు చదివింది. రెండో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి గొంతు కుదురుకుంది. సమ్మక్క వంటమూలలో పప్పు తిరగమోత పెట్టింది. మూడో ప్రశ్న, వీటో. సోమలింగం తల ఊపుతూ విన్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపాడు.

"ఇదేంది? 1950ల ఏదో తీర్మానం అంటున్నవ్?"

"శాంతి కోసం ఐక్యత అని. భద్రతా మండలిల ఒకడు వీటో ఏసి పని ఆపిండనుకో. అప్పుడు జనరల్ అసెంబ్లీ, అంటె అన్ని దేశాలోళ్లు కూసునే పెద్ద సభ, ప్రత్యేకంగ కూసోని ఆ సంగతి మాట్లాడచ్చు."

"ఇది మేడమ్ చెప్పలే."

"చెప్పలే. నేను లైబ్రరీ వెబ్‌సైట్ల చదివిన."

"నాకెప్పుడు చెప్పలే నువ్వు."

"పరీక్షకు రెండు దినాల ముంగట చదివిన. నువ్వు రాత్రి పాళీల ఉన్నవ్."

 సోమలింగం ముందుకు వంగాడు. అతని మొహంలో ఎప్పుడూ లేని ఒక పట్టుదల చూసింది సంతోషి.

"గా ముగ్గురు ఆపితె, మీ యూనివర్సిటీల పెద్ద సభ గిట్ల ఏమన్న ఉన్నదా?"

"సిండికేట్ ఉంటది. ఏడు దినాలల్ల అప్పీల్ చేసుకోవచ్చు. కానీ ఎవరు వింటరు బాపూ? వాళ్లు వాళ్లు ఒకటే."

"ఇంటరా ఇనరా అది వాళ్ల పని. అడుగుడు మన పని. రాయి."

"ఏమని రాయాలె?"

"నువ్వు రాసేది నువ్వు రాయి. దాని కింద నాది ఒకటి రాయి. సాక్షి."

సంతోషి ఫోనులో అప్పీలు ఫారం తెరిచింది. పేరు, చిరునామా నింపింది. సాక్షి విద్యార్హత అన్న గడి దగ్గర వేలు ఆగింది.

"మూడో తరగతి అని రాయనా?"

"రాయి. అదే నిజం. ఇగ నేను చెప్పింది చెప్పినట్టు రాయి, సక్కగ చేసి రాయకు."

అతను చెబుతుంటే ఆమె రాసింది. మధ్యలో ఒకసారి సమ్మక్క గరిట పట్టుకుని వచ్చి నిలబడింది, మళ్లీ వెళ్లలేదు.

"నేను సోమలింగం. సాంచాలు నడుపుత. అంతర్జాతీయ సంస్థలు అనే సబ్జెక్టు నాకు వచ్చని మీ ముగ్గురు పెద్దమనుషులు నాకు పరీక్ష పెట్టిన్రు, పాస్ చేసిన్రు, సంతకాలు పెట్టి కాయితం ఇచ్చిన్రు. నేను అడుగలే, మీరే ఇచ్చిన్రు. సబ్జెక్టు వచ్చినోన్ని గనుక చెప్తున్న. నా బిడ్డ రాసిన పేపర్ మొత్తం ఇన్న. మూడో ప్రశ్నల 1950 తీర్మానం సంగతున్నది. అది ఇయ్యాల సాయంత్రందాక నాకు తెల్వది. నాకు రానిది నేనెట్ల అందిస్త? ఆ పేపర్ దిద్దుండ్రి. నాకు వచ్చినదానికన్న అందుల ఎక్కువున్నది."